వాలుగీత

తొమ్మిది వందల కె బస్సు
భీమిలి గడియారస్తంభం దగ్గర నన్ను దించి
ఇక పనేం లేనట్టు ఇంజను ఆపేసింది.
మధ్యాహ్నం మూడు. ఎండుచేపల వాసన
చర్చి గేటు దాకా నాతో నడిచొచ్చింది.

తబితమ్మ తాళాలగుత్తి కొంగుకి ముడేసుకుని
"ఏటమ్మా, పెళ్ళికా, పేరు ఎతకడానికా?
ఈడికొచ్చినోలు ఆ రెండిటికే వస్తారు" అంది.
ఒక్క అక్షరానికి వచ్చానన్నాను.
ఎగాదిగా చూసి,
"ముందు లోపలికి రా, సల్లగుంటాది" అంది.

ఉప్పుగాలికి ఉబ్బిన కీర్తనల పుస్తకం.
రంగుటద్దం లోంచి ఒక నీలం ముక్క నేల మీద పడి
నేను అడుగేస్తే పాదమెక్కింది.
గోడకి ఇత్తడి రేకులు:
జ్వరాలకి పోయిన దొరలు, పడవ బోల్తాపడి పోయిన దొరలు,
చావుని ఎంత శుభ్రంగా తోమి పెట్టారో.
ఒక ఫ్యాను మీద పిచ్చుక గూడు.
ఆదివారాలు ఆ ఫ్యాను వెయ్యరట.

మా అయ్య కోరాడ బంగారయ్య
రోళ్ళకి కక్కు కొడతామని
చిట్టివలస వీధులన్నీ అరిచినవాడు.
మిక్సీలొచ్చాక అరుపు మానేశాడు, ఉలి మానలేదు.
ఓ ఏడు పాదిరిగారు పిలిచి
అరిగిన సమాధి మీద అక్షరాలు మళ్ళీ తవ్వమన్నారు.
రోజుకి ముప్ఫై రూపాయలు, ఒక పూట అన్నం.
అయ్యకి తెలుగే చదవడం రాదు.
రాయి చెప్పినంత మేరా తవ్వుకుంటూ పోయాడు.

ఒకచోట రాయి చెప్పలేదు.
రెండు నిలువు గీతలు మిగిలాయి, తలుపు ఊడిన గుమ్మంలా.
మధ్యలో వాలుగా ఏదో ఉండేదని వేలికి తెలుస్తోంది,
ఎటు వాలిందో తెలియడం లేదు.
పాదిరిగారు ఊళ్ళో లేరు. పొద్దు వాలుతోంది.
తలెత్తితే ఒడ్డున సరుగుడు చెట్లు
అన్నీ ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి.
అటే కొట్టాడు.

కె.జి.హెచ్.లో ఆఖరి వారం
సెలైను సూది ఉన్న చేత్తో దుప్పటి మీద గీసి చూపించాడు:
"ఇటా, అటా? అచ్చరాల దుకానం దానివి గదా, సెప్పు."
డాబాగార్డెన్స్‌లో ఫ్లెక్సీల దుకాణం నాది.
రోజుకి ఎన్ని ఎన్‌లు కొడతానో.
చూడకుండానే అన్నాను,
నువ్వు కొట్టిందే సరి అయ్యా.

తబితమ్మ చీపురుతో ఎండుటాకులు ఊడ్చింది.
జేన్. ఇరవై రెండేళ్ళు.
ఎన్ తిరగబడి ఉంది, అద్దంలో చూసినట్టు.

"మొన్న సలికాలం ఓ దొరసాని వచ్చింది.
ఇంగ్లండులో ఉత్తరాన ఓ పల్లెటూరంట,
ఫోనులో ఆల గుడి చూపించింది.
నల్లరాతి గుడి, వాన, సమాధుల మద్దిన గొర్రెలు.
ఆ గోడ మీదా ఈ పిల్ల పేరుందంట.
నాచు పట్టి సగం పోనాదంట.
ఇక్కడ ఇంత లోతుగా ఉందేటని ఏడ్సింది.
అప్పుడీ అచ్చరం మీద ఏలెట్టి
ఇలాగ ఎవలు సేసినారని అడిగింది."

ఏం చెప్పావు?

"గాలి, అన్నాను. ఇంకెవలు సేస్తారు?"

నవ్వబోయి అక్కడే రాతి అంచున కూర్చుండిపోయాను.
హుద్‌హుద్ వచ్చిన రాత్రి ఆ సరుగుళ్ళు ఒక్కటీ మిగల్లేదు.
అవి ఎటు ఒరిగి ఉండేవో
ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవరినడిగినా చెప్పలేరు.
జేన్ పేరులో ఉంది ఆ ఒరుగు.
గాడిలో వేలు పెట్టాను, అంచు ఇంకా పదునుగానే ఉంది.
అయ్యకి రాయి లేదు, బూడిద గోస్తనిలో కలిపాం.
ఆ నీళ్ళు ఇటే వచ్చి సముద్రంలో పడతాయి.

"దొరికిందా నీ అచ్చరం?"
దొరికింది.
"తప్పా, ఒప్పా?"

బస్సు హారను కొట్టింది.
టికెట్టు వెనక రెండు నిలువు గీతలు గీసి
పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను
ఋషికొండ దాటేదాకా.